మా వదిన నిద్రపుచ్చిన ఊరు

మా వదిన పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ తొందరపెట్టి ఎరగదు. ఇదేదో పొగడ్త అనుకునేరు, కాదు. ఆవిడతో ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నదాన్ని, అందులో ఎంత అవస్థ ఉందో నన్నడగండి. స్నానాల గదిలో ఎవరైనా ఉంటే తలుపు కొట్టదు, పనికి ఆలస్యమైనా సరే. బస్సు దగ్గర అందర్నీ ఎక్కనిచ్చి, తీరా తనెక్కేలోపు అది కదిలిపోతే "పర్లేదులే, ఇంకోటొస్తుంది" అంటుంది. టీ గ్లాసు ముందు పెట్టి పక్కకెళితే, నేనొచ్చి కూర్చునేదాకా ముట్టదు. ఆ టీ చల్లారిపోతుంది, నా ఒళ్ళు మండిపోతుంది.

వదినంటే మా ఆయనకు అక్క. యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదరలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, అంతకుమించి మేమూ గుచ్చి గుచ్చి అడగలేదు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పని. పళ్ళ డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చులు తీసి పంపిస్తే, ఆ అచ్చు మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ వరసలో నిలబెట్టడం ఆవిడ పని. పై పన్నూ కింది పన్నూ సరిగ్గా కలవాలి. వెంట్రుకంత తేడా వచ్చినా ఆ ముసలాయన ముద్ద నమలలేడు. డాక్టరు ఒక సెట్టు తిప్పి పంపాడంటే వదిన ఆ పూట సరిగా తినదు. "ఎవరో పాపం నోరు కట్టుకుని కూర్చున్నారే" అంటుంది. నేను డ్రై క్లీనింగ్ షాపులో కౌంటరు చూస్తాను. మరక పోకపోతే పోలేదని మొహం మీదే చెప్పేసి చీటీ చేతిలో పెడతాను. మా ఇద్దరికీ అదీ తేడా.

ఈవిడ పదకొండేళ్ళ క్రితం ఇంటర్నెట్టులో ఒక ఊరు పెట్టింది. ఆటే, కాకపోతే తుపాకులు, పరుగులు, బొమ్మలు ఏవీ ఉండవు. అంతా రాత. ఊరి పేరు ఏటవతల. అందులో చేరాలంటే మీరొక మనిషిని కల్పించుకోవాలి. రొట్టెలు కాల్చేవాడు కావచ్చు, మంత్రసాని కావచ్చు, దొంగ కూడా కావచ్చు. మీ మనిషి ఏం చేశాడో, ఏమన్నాడో మీరు నాలుగు ముక్కలు రాస్తారు. దానికి బదులుగా అవతలివాళ్ళు తమ మనిషి ఏం చేశాడో రాస్తారు. మళ్ళీ మీ వంతు. ఎక్కడెక్కడివాళ్ళో ఆడేవారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, అసలు పేర్లు కూడా తెలియవు. వదిన ఆ ఊరికి పెద్ద. చేరేవాళ్ళని చేర్చుకోవడం, తగువులు తీర్చడం, ఊరి పటం గీయడం అన్నీ ఆవిడే. రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆవిడ గదిలోంచి కీబోర్డు టకటకలాడేది.

నిజం చెప్పాలంటే ఆ రెండు గంటలంటే నాకు గిట్టేది కాదు. ఇంట్లో ఉన్న మరదలితో రెండు మాటలు మాట్లాడడానికి తీరిక లేదు గానీ, ఊరూ పేరూ తెలియని పడవాయనతో పేజీలకు పేజీలు కబుర్లా అని లోపల్లోపల కుళ్ళుకునేదాన్ని. పైకి మాత్రం "మీ ఊళ్ళో వానలు పడ్డాయా వదినా?" అని దెప్పేదాన్ని. ఆవిడ దెప్పుడని గ్రహించకుండా "మొన్న వరదొచ్చిందే" అని మొదలుపెట్టి అరగంట చెప్పేది.

ఆ ఊళ్ళో మూడు నియమాలుండేవి. ఒకటి, ఒకరి వంతు ఇంకొకరు తీసుకోకూడదు. రెండు, ఊరికి ఒకే డాక్టరు, ఒకే జడ్జీ, ఒకే పడవాయన, ఇలా పన్నెండు పెద్ద పనులకు పన్నెండు మందే ఉండాలి. ఇద్దరు డాక్టర్లుంటే ఒకాయన గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి కదా అని వదిన వాదన. మూడోదానికి ఒక కథ ఉంది. ఊరు పెట్టిన రెండో ఏడు, పూలకొట్టు పెట్టుకున్న ఒకావిడ రెండు నెలలు రాయలేదు. నిజం మనిషి ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చి చూసుకుంటే ఊళ్ళో ఎవరో ఆవిణ్ణి వరదలో ముంచేసి, కొట్టు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆవిడ ఎంత ఏడ్చిందో తెలియదు గానీ, ఆ ఉత్తరం చదివి మా వదిన ఏడవడం నేను కళ్ళారా చూశాను. ఆ రాత్రే ఆవిడ కొట్టు ఆవిడకు తిరిగొచ్చింది, మూడో నియమం పుట్టింది. ఎవరైనా రాయడం ఆపేస్తే వాళ్ళ మనిషి ఇంట్లో నిద్రపోతున్నట్టు లెక్క. వాళ్ళ ఇల్లు, కొట్టు, పని ఎవరూ ముట్టుకోకూడదు. ఎందుకు రాయట్లేదని వాళ్ళని అడగనూ కూడదు. ఎప్పుడొస్తే అప్పుడు వాళ్ళ చోటు వాళ్ళకుంటుంది.

అందరూ ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. ఇంత మంచి ఊరు ఎక్కడా లేదన్నారు. జనం బిలబిలా వచ్చి చేరారు. మొత్తం రెండు వందల పదిహేడు మంది.

తర్వాత ఒక్కొక్కరే పడుకున్నారు. ఈ ఏడాది మొదట్లో వదిన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. రెండు వందల పన్నెండు మంది నిద్రలో ఉన్నారు, ఐదుగురు మేలుకునున్నారు. ఆ ఐదుగురిలో తనొకతె.

"డాక్టరు?" అన్నాను.

"నాలుగేళ్ళుగా నిద్ర."

"మరి ఎవరికైనా జ్వరమొస్తే?"

"రాకుండా చూసుకుంటున్నాం" అంది, మొహంలో ఏమాత్రం నవ్వు లేకుండా.

జడ్జీ గారు తీర్పు చెప్పబోతూ పడుకున్నాడు. ముద్దాయి రెండేళ్ళు బోనులో నిలబడి, విసుగెత్తి తనూ పడుకున్నాడు. అన్నిటికంటే ఘోరం పడవ. నలుగురు ప్రయాణికులతో ఏరు దాటుతూ పడవాయన నడి ఏట్లో ఆగిపోయాడు. అప్పటికి మూడేళ్ళు. పడవాయన రాస్తేనే పడవ కదలాలి. ఆ నలుగురిలో ఊరి దీపాలు వెలిగించే ఆవిడ ఒకతె, అది మా వదిన కల్పించుకున్న మనిషి. అంటే మూడేళ్ళుగా ఊరిపెద్ద తన సొంత ఆటలో ఒక్క ముక్క ఆడలేదు. రోజూ రెండు గంటలు కూర్చుని ఊరి తలుపులూ కిటికీలూ తుడిచేది. "మీ ఊరి విశేషాలేంటి వదినా?" అంటే మూడేళ్ళుగా ఒకటే జవాబు: "పడవ ఏటి మధ్యలో ఉందే."

అలాంటిది, ఈ మధ్య ఒక నోటీసొచ్చింది. ఊరు నడిచే సైటులాంటి పాత సైట్లన్నీ నెలాఖరుకు మూసేస్తున్నాం, కావలసినవాళ్ళు తమ సామాను కొత్తదానిలోకి మార్చుకోండి అని. మార్చడమంటే ఒక్కో ఇల్లూ, ఒక్కో కథా చేత్తో ఎక్కించుకోవాలట. వదిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ల్యాబుకు వారం రోజులు సెలవు పెట్టింది. ఏ కొండకో సముద్రానికో వెళదామంటుందేమోనని సంబరపడ్డాను. గది తలుపు తీసి చూస్తే పొద్దున్నుంచి వంగి కూర్చుని, డాక్టరు గారి ఇంట్లో మందు సీసాల జాబితా కొత్త సైట్లోకి ఎక్కిస్తోంది. మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది.

నాకు కడుపు మండిపోయింది.

"ఎవరి సామాను మోస్తున్నావు వదినా?"

"పాపం, నమ్మి వదిలి వెళ్ళారే."

"వెళ్ళారు కదా. నాలుగేళ్ళయింది కదా. వస్తామన్నారా?"

"రామని కూడా అనలేదుగా."

నేను ఆవిడ మంచం మీద కూలబడ్డాను. మా షాపులో కూడా జనం బట్టలు వదిలేసి పోతారు. కోట్లు, చీరలు, కర్టెన్లు. హ్యాంగరు మీద అవి అలా వేలాడుతుంటే కొత్త బట్టలు తగిలించడానికి కడ్డీ మీద చోటుండదు. అలాంటప్పుడు మేం ఏం చేస్తాం? చీటీ మీద నంబరు చూసి ఫోను చేస్తాం. సగం మంది "అయ్యో, మర్చేపోయామండీ" అంటారు. కొంతమంది "అది మాకొద్దండీ, ఎవరికైనా ఇచ్చేయండి" అంటారు. ఒకాయనైతే రెండేళ్ళు మా వీధిలోకే రాలేదట, కోటు గురించి ఎక్కడ అడుగుతామోనని. ఆ సంగతంతా వదినకు చెప్పి, "అడుగు" అన్నాను.

"అడగకూడదని నియమం."

"పెట్టిందెవరు?"

"నేనే."

"తీసెయ్యి మరి."

వదిన తెర మీది మందు సీసాల వైపు చూస్తూ కూర్చుంది. చాలా మెల్లగా, "వాళ్ళు నా వల్లే వెళ్ళిపోయామంటే?" అంది. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ భయం ఊరు పోతుందని కాదు. తనేదో తప్పు చేసిందనీ, ఆ మాట వినాల్సొస్తుందనీ. మూడేళ్ళుగా ఆ ఒక్క మాట వినకుండా ఉండడానికే ఇంత చాకిరీ.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం. నేను చెప్పాను, ఆవిడ టైపు చేసింది, సగం మాటలు మెత్తబరిచింది. "మీరు మా ఊళ్ళో ఆడడం మానేశారు. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నాను. ఎందుకు మానేశారు? నెలాఖరుకు ఈ చోటు మూసేస్తున్నారు. మీ ఇల్లు కొత్త చోటికి తేవాలా, వద్దా?" కింద తన ఫోను నంబరు పెట్టడానికి అరగంట తటపటాయించింది. పెట్టించాను. పంపే ముందు అలవాటుకొద్దీ పేర్లు లెక్కపెట్టాను. షాపులో చీటీలు లెక్కపెట్టే బుద్ధి ఊరికే పోతుందా? రెండు వందల పదకొండే ఉన్నాయి.

"ఒకటి తక్కువుంది వదినా."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

"పడవాయన" అంది.

అప్పుడు చెప్పింది. ఆ పడవాయన ఊరు పెట్టిన రోజు నుంచీ ఉన్నవాడు. అతనంత బాగా రాసేవాళ్ళు ఊళ్ళో లేరు. మూడేళ్ళ కిందట ల్యాబులో పని మీద పడి వదిన పదకొండు రోజులు ఊళ్ళోకి వెళ్ళలేకపోయింది. పడవలో అప్పుడు ఆవిడ వంతు. మిగతా ముగ్గురూ కాచుకునున్నారు. చూసి చూసి పడవాయన తనే రాసేశాడు: దీపాలావిడ తలూపింది, పడవ ఒడ్డు చేరింది అని. వదిన తిరిగొచ్చి చూసింది. ఊరిపెద్దే నియమం సడలిస్తే ఎలా అనుకుంది. అతను రాసింది చెరిపేసి, అందరికీ కనబడేలా రాసింది: "ఒకరి వంతు ఇంకొకరు తీసుకోకూడదు." అంతే. ఆ రోజు నుంచి పడవాయన నోరు విప్పలేదు.

"కోపమొచ్చి పోయాడో, ఒంట్లో బాగాలేదో, అసలు ఉన్నాడో లేడో. అడగడానికి వీల్లేదు. పదిమందిలో నేను అలా అనకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు పంపిస్తావా, నేను నొక్కనా?" అన్నాను. నాకు ఓదార్చడం చేతకాదు. ఆవిడ కళ్ళు మూసుకుని అతని పేరు కూడా చేర్చి, బటన్ నొక్కింది.

మర్నాటి నుంచి జవాబులు మొదలయ్యాయి. మొదటిది తెరవడానికి వదినకు చెయ్యి రాలేదు. నేనే చదివాను. రాసింది ఎవరో కాదు, డాక్టరు గారే. "అయ్యయ్యో, నా ఇల్లు ఇంకా అలాగే ఉందా? ఉద్యోగం మారి తీరిక లేక మానేశానండీ. మీరు నా చోటు దాచిపెట్టారని తెలిసి ఎంత సిగ్గుపడ్డానో. మీ ఊరి పేరు కనబడితే చాలు, పేజీ మూసేసేదాన్ని. దయచేసి నా ఇల్లు తీసేయండి, నాకు తేలిగ్గా ఉంటుంది." నాలుగేళ్ళుగా వదిన ఆవిడ మందు సీసాలు తుడుస్తుంటే, అక్కడ ఆవిడ మొహం చాటేసుకుని తిరుగుతోందన్నమాట! నాకు నవ్వాగలేదు. వదిన మాత్రం ఆ ఉత్తరం మళ్ళీ రెండుసార్లు చదువుకుంది.

ఇంకొకాయనది ఇలా ఉంది. "నేను కొత్తగా చేరాను. డాక్టరు అవుతానంటే డాక్టరు నిద్రలో ఉందన్నారు. జడ్జీ అంటే ఆయనా నిద్రే. చివరికి డాక్టరు గారి గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. నలభై రోజులు కాపలా కాశాను. ఒక్క మనిషి రాలేదు. ఒక కుక్కనైనా పంపుతారేమోనని చూశాను. మీరు మంచివారండీ, కానీ మీ ఊళ్ళో నాకు పని లేదు."

ఇంకొకావిడ చేరడానికి రాసిన తన కథను వదిన నాలుగుసార్లు దిద్దమని తిప్పి పంపిందట. అయిదోసారికి ఆ మనిషి ఎవరో తనే మర్చిపోయిందట. ఇంకొకతను పంతొమ్మిది రోజులు వంతు కోసం కాచుకుని, ఇరవయ్యో రోజు సైకిలు తొక్కడం నేర్చుకున్నాడట. దొంగ వేషం వేసినాయన, దొంగతనానికి వెళితే ప్రతి ఇంట్లోనూ నిద్రపోయేవాళ్ళే ఉన్నారనీ, వాళ్ళ సామాను ముట్టుకోకూడదన్నారనీ, ఇక దొంగ ఏం చేసి బతకాలనీ నిలదీశాడు. పూలకొట్టావిడ కూడా రాసింది. "నా కథ అయిపోయింది కాబట్టి ఆపాను. ఆ రెండేళ్ళూ నాకు చాలా మంచి రోజులు. అందరూ బాధతోనే వెళ్ళిపోరు కదండీ."

పది రోజుల్లో డెబ్బై నాలుగు ఉత్తరాలొచ్చాయి. ఒక్కదానిలోనూ వదిన మీద కోపం లేదు. చాలామంది తిరిగి ఆవిణ్ణే బతిమాలారు, ఇల్లు తీసేయమని, తమ మీద కోపం పెట్టుకోవద్దని. వెళ్ళిపోయినవాళ్ళ చోటు కాపాడబోయి, ఉన్నవాళ్ళకు చోటు లేకుండా చేసిందన్న సంగతి అందులో స్పష్టంగానే ఉంది. వదిన దాన్ని దాటవేయలేదు. "తప్పు నాదేనే" అంది ఒక సాయంత్రం. కానీ ఆ మాట అంటూ అట్లాగే వంటింటి గట్టు మీద కూర్చుని, నేను కాచిన టీ నాకంటే ముందే తాగేసింది. అంత భయపడిన మాట తీరా విన్నాక, దాని బరువు ఆవిడ అనుకున్నంత లేదు.

పడవాయన దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మిగతా డెబ్బై నాలుగూ ఒక ఎత్తు, ఆ ఒక్కటీ ఒక ఎత్తు. ఫోను మోగితే చాలు వదిన చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేది. పరిగెత్తడం ఆవిడ ఒంటికి అలవాటు లేని పని.

ఆదివారం పొద్దున పదిన్నరకు మోగింది. వదిన బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తెలియని నంబరు. చేతిలో ఇస్త్రీపెట్టె పెట్టుకునే స్పీకరు నొక్కింది.

"హలో, దీపాలావిడ గారేనా అండీ?" అని మగగొంతు. పెద్దవయసు గొంతే.

వదిన ఇస్త్రీపెట్టె దించి పెట్టింది. "అవునండీ" అంది.

"నేను పడవాయన్ని. లిఫ్టులు రిపేరు చేస్తుంటానండీ, పని మీద పొరుగూరు వెళ్ళాను, నిన్ననే మీ ఉత్తరం చూశాను. ఎందుకు మానేశారని అడిగారు. నేను మానలేదండీ."

"మానలేదా?"

"లేదండీ. మీ వంతు కోసం చూస్తున్నాను."

వదిన నా వైపు చూసింది. నేను ముక్కున వేలేసుకున్నాను.

"నా వంతా?" అంది.

"మీదేగా. మీ వంతు నేను తీసుకున్నానని నేను రాసింది చెరిపేశారు. చెరిపేస్తే ఆట మళ్ళీ మీ దగ్గరికే వచ్చింది కదండీ. తప్పు నాదే, ఇంక తొందరపడకూడదు అనుకుని కూర్చున్నాను. మొదటి నెల రోజూ చూశాను. తర్వాత ఆదివారాలు చూసేవాణ్ణి. మీరు కొత్తవాళ్ళకి రాస్తున్నారు, తగువులు తీరుస్తున్నారు, నా పడవలో మాత్రం నోరు విప్పట్లేదు. కోపం తగ్గలేదనుకున్నాను."

"నేను... మీరు సరిచేసి రాస్తారని... మీ వంతే అనుకుని..." వదిన ఫోను మీదికి వంగింది. "మరి ఒక్క మాట అడగొచ్చుగా!"

"మూడో నియమం మీరే పెట్టారు కదండీ. నిద్రపోయేవాళ్ళని అడగకూడదని. మీరు పడవలో నిద్రపోయారనుకున్నాను."

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. వదిన ఇస్త్రీ బల్ల పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ అంత పెద్దగా నవ్వగా నేను వినలేదు. మా ఆయన పక్కగదిలోంచి కంగారుగా వచ్చి "కొంపలేమైనా మునిగాయా?" అన్నాడు. "లేదు, మీ అక్క ఒడ్డున పడింది" అన్నాను. మూడేళ్ళు! ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరికీ మర్యాద ఎక్కువై, ఒకరి కోసం ఒకరు నడి ఏట్లో కూర్చున్నారు. ఇలాంటిది మా షాపులో జరిగితే మొదటివారంలోనే కొట్టుకుని తేల్చుకునుండేవాళ్ళు.

"మీరు క్షేమంగా ఉన్నారు కదా?" అని వదిన అడిగింది చివరికి.

"నిక్షేపంగా ఉన్నానండీ. మీరు?"

"ఇప్పుడు బాగున్నాను" అంది వదిన.

"ఊరు ఎత్తేస్తున్నారా?"

"ఏం చేయమంటారు?"

"అది మీ ఇష్టం. ముందు నన్ను పడవ దిగనివ్వండి, నడుం పట్టేసింది."

ఆ సాయంత్రం వదిన గదిలోంచి టకటకలు వినబడలేదు. సోఫాలో నా పక్కన కూర్చుని, ఊరు మూసేస్తానని చెప్పింది. కొత్త చోటికి ఏమీ మోయదట. నేను ఎగిరి గంతేయాలి గానీ, ఎందుకో మనసు చివుక్కుమంది. "నిజంగానా వదినా?" అన్నాను. "నిజంగానే. వాళ్ళెవరికీ అక్కర్లేదు. నాకూ అక్కర్లేదని ఇవాళ తెలిసింది" అంది.

ఆఖరి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళో అందర్నీ నిద్రలేవమని కబురు పెట్టింది. వచ్చి, తమ మనిషి ఎక్కడికెళుతున్నాడో రాసి వెళ్ళమని. వంతులు లేవు, ఎవరికి తోచింది వాళ్ళు రాయొచ్చు. ఎంతమంది వస్తారులే అనుకున్నాను. అరవై మూడు మంది వచ్చారు. ఆ సందడి ఏం చెప్పను! డాక్టరు గారు లేచీ లేవగానే "ఎవరికైనా జ్వరమా?" అని అడిగింది. వెంటనే తొమ్మిది మందికి జ్వరమొచ్చింది. గేటు కాపలా ఆయన వచ్చి "అమ్మగారూ, నలభై రోజులు మీ గేటు కాశాను" అంటే ఆవిడ "మీరెవరండీ?" అంది. జడ్జీ గారు ముద్దాయికి క్షమాపణ చెప్పి వదిలేశాడు. ముద్దాయి తిన్నగా వెళ్ళి జడ్జీ గారి ఇంట్లో దొంగతో కలిసి వెండి చెంబు ఎత్తుకుపోయాడు. ఒకరి మాట మీద ఒకరు పడి, ఎవరి వంతో ఎవరికీ పట్టకుండా, పేజీ పైకీ కిందకీ ఉరుకుతోంది. నేను వదిన భుజం మీద నుంచి వంగి చదువుతూ పకపకా నవ్వాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఊరెందుకు పెట్టిందో నాకు అర్థమైంది. ముందే వచ్చి కూర్చుంటే బాగుండేదనిపించింది కూడా.

ఆ గోలలోనే వదిన తన ముక్క రాసింది. దీపాలావిడ తలూపింది. పడవాయన పడవను ఒడ్డుకు లాగాడు. ఇద్దరూ ఒకరికొకరు చెయ్యూపి, చెరో దారిన వెళ్ళారు. ఎవరూ పెద్దగా గమనించనే లేదు, అటువైపు దొంగను తరుముతున్నారు.

చివర్లో గేటు కాపలా ఆయనా ఇంకో ఇద్దరూ తాము కొత్తగా ఒక ఊరు పెట్టుకుంటామనీ, మీ నియమాలు ఇస్తారా అనీ అడిగారు. వదిన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఆ మూడు నియమాలూ ఆవిడకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. "నా నియమాలు మీకొద్దు. మీకు కావలసినవి మీరే పెట్టుకోండి" అని రాసింది. ఆరు గంటలకు అందరూ వెళ్ళాక, మూసేయాలా అని సైటు అడిగింది. అవునని నొక్కింది. తెర తెల్లబడింది. నేను ఆవిడ మొహంలోకి చూశాను, ఏడుస్తుందేమోనని. ఆవిడ చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది.

"నేను వెళ్ళిపోతే వాళ్ళేమైపోతారో అని బెంగపడ్డానే. వాళ్ళు హాయిగా వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో!" అంది.

ఏడయింది. ఏడింటికి ఏం చేయాలో ఆవిడకు తెలియలేదు. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి తిరిగింది. "కిందికి పోదాం పద" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. ల్యాబుకు తలొంచుకుని వెళ్ళి రావడమే తప్ప, మా వీధిని ఆవిడ తలెత్తి చూసి పదకొండేళ్ళయింది. మందుల షాపు ఎప్పుడొచ్చిందని అడిగింది. నాలుగేళ్ళయిందన్నాను. మూలనున్న టైలరు ఎక్కడికెళ్ళాడంది. కొట్టు పెద్దది చేసి అవతలి వీధికి మారాడని చెప్పాను. "అందరూ ఎంచక్కా కదులుతూనే ఉన్నారన్నమాట" అంది. గాలి బాగుంది. నాకు ఊపిరాడినట్టయింది, ఆవిడ పక్కన నడుస్తుంటే.

మా బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో ఆడవాళ్ళు నలుగురు రోజూ షటిల్ ఆడతారు. ఆ రోజు ముగ్గురే ఉన్నారు. నాలుగో ఆవిడ బ్యాటు బెంచీ మీద ఉంది, ఆవిడ ఫోనొచ్చి పక్కకెళ్ళిందో, ఇంటికే వెళ్ళిపోయిందో. ఒకవైపు ఇద్దరు, ఇటువైపు ఒక్కతే రొప్పుతూ పరిగెడుతోంది. వదిన నిలబడి చూసింది. ఇంకేముంది, ఆట అయ్యేదాకా ఇక్కడే నిలబడాలి కాబోలు అనుకుని నేను బెంచీ మీద చోటు చూసుకుంటున్నాను. ఆవిడ చెప్పులు పక్కన వదిలేసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, బెంచీ మీది బ్యాటు అందుకుని లోపలికి నడిచింది. ఆ బ్యాటు ఎవరిదని అడగలేదు.